తెడ్డుకు పాలెంత?

మామ: కయాక్ తెచ్చుకున్నవ్, మంచిగనే ఉన్నది. నీళ్ల మీద మోదుగాకు తేలినట్టు తేలుతది. ఇప్పుడు దానికి మోటారంటవ్, బ్యాటరీ అంటవ్. బరువు లేని పడవను ఏరికోరి తెచ్చుకొని దాని నెత్తిన బరువు పెట్టుడేంది అల్లుడా?

అల్లుడు: బరువు పెడుతలేను మామా, రెండు చేతులు పెడుతున్న. పెద్దవాగుల నడుములోతు నీళ్లల్ల నిలబడి విసురువల ఏసిన కాలం మీది. ఇప్పుడు మనం చేపలు పట్టేది ఆడ ఊరి కాడి ప్రాజెక్టుల. నిండితే 10 టీఎంసీలు దాటిన నీళ్లు. వల కాడికి పోనీకె రెండు మూడు కిలోమీటర్లు, రానీకె మల్ల అంతే. పొద్దెక్కినంక గాలి లేసిందంటే పుట్టి మనం తిప్పిన దిక్కు పోతదా, గాలి నూకిన దిక్కు పోతదా? నీ కుడి భుజం ఎందుకు లేస్తలేదో నాకు తెల్వదనుకున్నవా? అంగీ తొడుక్కునేటప్పుడు అత్త చెయ్యి పట్టి ఎక్కియ్యాలె.

మామ: భుజం ముచ్చట పక్కకు పెట్టు. మూడు కిలోమీటర్లు నీ కయాక్‌ల తెడ్డేసుకుంట పోతే ఎంతసేపు?

అల్లుడు: ముప్పావు గంట.

మామ: మోటారు తోని?

అల్లుడు: నిండా తిప్పితే అరగంట.

మామ: పావుగంట కోసమా ఇంత లొల్లి!

అల్లుడు: ఒప్పుకుంట. వేగం కోసమైతే మోటారు దండగ. నేనే చెప్తున్న, వైండింగ్ షాపుల పదేండ్లు రాగితీగ చుట్టినోణ్ని. 12 అడుగుల పడవ గంటకు ఎనిమిది కిలోమీటర్ల కాడికి వచ్చిందంటే, ముందట తను లేపిన అలను తనే ఎక్కలేక కూలబడుతది. ఆ పైన ఎంత పెద్ద మోటారు పెట్టినా నీళ్లు చిమ్ముతయి గాని పడవ ఉరకదు. దానికితోడు నీళ్లల్ల వేగం రెండింతలు కావాల్నంటే బలం సుమారు ఎనిమిదింతలు పెట్టాలె. మెల్లగ పోతే ఈ 12 వోల్టుల మోటారు పది, పదిహేను ఆంపియర్లు తాగుతది. నిండా తిప్పితే యాభై. అదే బ్యాటరీ ఒక తీరుగ నడిపితే పొద్దంతా వస్తది, ఇంకో తీరుగ నడిపితే రెండు గంటలు కూడా రాదు.

మామ: మరి?

అల్లుడు: మరి ఏందంటే, ఈ మోటారు పుట్టిందే మెల్లగ పోనీకె. అమెరికాల ఫార్గో అనే ఊళ్లె 1934ల మిన్ కోటా కంపెనీ మొదలుపెట్టినోళ్లు సరస్సులల్ల గాలం దారం ఎనక ఏలాడేసుకొని, చప్పుడు లేకుండ నెమ్మదిగ ఈడ్సుకుంట పోనీకె దీన్ని చేసిండ్రు. ఉరికిచ్చేటందుకు కాదు. మనకు కూడా అదే కావాలె. వల ఎత్తేటప్పుడు గాలి పడవను పక్కకు నూకుతది గద? అప్పుడు మోటారును సన్నగ గాలికి ఎదురు తిప్పిపెడితే పడవ ఉన్నకాడనే నిలబడుతది. నీ రెండు చేతులు వలకే. మనిషి గంటసేపు ఆగకుండ తెడ్డేస్తే ఒళ్లు ఇచ్చే బలం ఎంతనుకున్నవ్? మనింట్ల సీలింగ్ ఫ్యాను తాగే కరెంటంత. డెబ్బై, ఎనభై వాట్లు. సన్నగ తిరిగే మోటారు అంతకు రెండింతలు, అదీ అలసట లేకుండ.

మామ: పడవను నిలబెట్టేది మా పుట్టిల ఉన్నది గదా.

అల్లుడు: ఏమున్నది?

మామ: మీ అత్త.

అల్లుడు: ...

మామ: ఎందుకు నోరు మూసుకున్నవ్? నువ్వు పుట్టిల కూసున్నప్పుడు చూడలేదా? నేను వల ఇడుసుకుంట పోతుంటే ఆమె ముందట మోకాళ్ల మీద కూసుంటది. తెడ్డును ఎనకకు కొట్టదు, ముందటి నీళ్లను తన దిక్కు గుంజుకుంటది. గుండ్రటి పుట్టి గట్లయితేనే సక్కగ పోతది, లేకుంటే గిర్రున తిరుగుతది. వల బెండ్లు ఒక్కొక్కటి పుట్టి అంచుకు తాకి ‘టక్’మని నీళ్లల్ల పడుతయి. ఆ టక్కు టక్కుకు నడుమ ఎంత సందు ఉన్నదో ఇనుకుంట తెడ్డేస్తది. నా చేతుల వల చిక్కుపడి టక్కు ఆగిందంటే, నేను నోరు తెరువకముందే ఆమె తెడ్డు ఆగుతది. ఎనకకు తిరిగి కూడా చూడదు. నీ మోటారుకు చెవులున్నయా?

అల్లుడు: లేవు. కాలి కింద పెడల్ ఉన్నది, రిమోట్ ఉన్నది. ఈ మధ్య కొత్తవాటిల జీపీఎస్ కూడా వచ్చింది, బటన్ ఒత్తితే అదే జాగల పడవను పట్టి ఉంచుతది. కని అత్త చెవికి అది సాటి అని నేననను. అనేది ఏందంటే, ఆమె మోకాళ్ల మీద కూసునుడు నీకు ముచ్చట లెక్క కొడుతున్నది. ఆ మోకాళ్లు ఆమెయి. పొద్దుగాల నాలుగు గంటలకు లేసి పుట్టిల మోకాళ్ల మీద, పది గంటలకు గంప పట్టుకొని మార్కెట్ల పీట మీద, మాపటికి పొయ్యి ముందట. ఆమెను ఒక్క కాడినుంచి లేపుదామంటే నీకు కోపం వస్తున్నది.

మామ: కోపం కాదు. లెక్క. పుట్టిల ఇద్దరుంటే తెచ్చిన చేపల రెండు పాళ్లు పడుతయి. పుట్టికి ఒక పాలు, వలకు ఒక పాలు ఏరే ఉంటయనుకో. తెడ్డు పట్టినోళ్లకు పాలు ఉన్నది, అది మా తాతల నాటి నుంచి. మాది ఒకటే ఇల్లు గనుక ఇద్దరి పాలు ఒక్క గంపలనే పడుతది, కనవడదు. కని పక్కింటి ముండమోపి ఆడిది తన తమ్ముని పుట్టిల తెడ్డేస్తది. ఆమెకు వల లేదు, పుట్టి లేదు. తెడ్డే ఆమె ఆస్తి. రేపు తమ్ముడు మోటారు పెట్టుకున్నడనుకో, ఆమె పాలు ఎవరికి పోతది? బ్యాటరీకి పోతది. బ్యాటరీ కిస్తు కట్టాలె గద.

(పక్కన కూర్చుని వింటున్న నన్ను ఎవరైనా అడిగి ఉంటే, అంతవరకూ అల్లుడిదే పైచేయి అని చెప్పేవాణ్ని. గాలి, దూరం, భుజం నొప్పి, వాట్ల లెక్క, అన్నీ అతని వైపే ఉన్నాయి. మోటారు మనిషి కండను కాదు, పడవలోని రెండో మనిషిని దింపేస్తుందన్న మాట పెద్దాయన నోట రావడంతో నా లెక్కా తప్పింది.)

అల్లుడు: ఈ మాటకు నా కాడ జవాబు లేదు మామా. సగం జవాబు ఉన్నది. 2018ల చేపలోళ్లకు సర్కారు మోపెడ్లు ఇచ్చింది గద, 75 శాతం సబ్సిడీ మీద. అంతకుముందు గంపలు నెత్తిన పెట్టుకొని బస్టాండు దాకా నడిచిన ఆడోళ్లు ఎంతమంది? గంప మోసినందుకు వాళ్లకూ ఏదో ఒకటి ముట్టేది. మోపెడ్ వచ్చినంక ఆ కూలి పోయింది. అప్పుడు ఎవరన్న వద్దన్నరా? నువ్వే ముందు లైన్ల నిలబడ్డవ్. మోపెడ్‌కు తెడ్డున్నదా? అది కూడా మోటారే.

మామ: నిలబడ్డ. మంచు పెట్టె కట్టుకొని గంటల కాగజ్‌నగర్ మార్కెట్ల ఉంటున్న. చేప మెత్తబడకముందే అమ్ముడుపోతది, బేరం నా చేతుల ఉంటది. అది బగ్గ మంచి పని, అబద్ధమెందుకు. కని మోపెడ్ నడిచేది రోడ్డు మీద అల్లుడా. రోడ్డు మీద నేను ముందు పోతే ఎనక వచ్చేటోనికి రోడ్డు తక్కువైతదా? నీళ్లు గట్ల కాదు. ఈ నీళ్లల్ల చేప చేపలోళ్ల సంఘపోళ్లందరిది. 2016 కాడికెల్లి సర్కారు ఊరికే ఇడుస్తున్న రవ్వ, బొచ్చె పిల్లలు ఒకని పేరు మీద ఇడుస్తలేదు. అందరికీ తెడ్డే ఉన్నంతసేపు అందరి చెయ్యి ఒకటే పొడుగు. ఒక్కని చెయ్యి పొడుగైతే మిగిలినోళ్ల చేతులు వాటంతటవే పొట్టిగైతయి.

అల్లుడు: తెడ్డు అందరికీ ఒకటేనా? ఇరవై ఏండ్ల పిల్లగాని తెడ్డు, నీ తెడ్డు ఒకటేనా? ఇప్పుడు నీళ్లల్ల పొడుగు చెయ్యి ఎవరిదంటే వయసున్నోనిది. మోటారు వస్తే యాభై దాటినోడు, కాలు లాగేటోడు, ఒంటరి ఆడమనిషి, అందరూ పడవ ఎక్కుతరు. నువ్వు చెప్పిన పక్కింటామె ఉన్నది చూడు, ఆమెకు తమ్ముని పుట్టిల తెడ్డు పాలు ఎందుకు? తనకే ఒక చిన్న పడవ, చిన్న మోటారు ఉంటే పాలు అడిగే పనే లేదు. మొత్తం ఆమెదే.

మామ: ఎవరు కొనిస్తరు?

అల్లుడు: అదే అడుగుతవని తెలుసు.

మామ: తెలిస్తే చెప్పు. మోటారు, లిథియం బ్యాటరీ కలిపితే సెకండ్‌హ్యాండ్ మోపెడ్ ధర దాటుతదని నువ్వే అన్నవ్. అది ముందు ఎవరింట్లకు వస్తది? ఇప్పటికే రెండు పుట్లు, పది వలలు ఉన్నోని ఇంట్లకు. పక్కింటామెకు వచ్చేటాలకు చేప మిగులుతదా?

అల్లుడు: సంఘం కొనాలె. సంఘం తరపున నాలుగు మోటార్లు, వంతుల మీద ఇయ్యాలె.

మామ: సంఘం మీటింగులకు నువ్వు రాలేదు, అందుకే గట్ల మాట్లాడుతున్నవ్.

అల్లుడు: సరే, నవ్వకు. ఇంకో ముచ్చట అడుగుత. చేప తగ్గేది మోటారు తోనేనా? మన ప్రాజెక్టుల ఇప్పటిదాకా ఒక్క మోటారు లేదు. అయినా పోయిన ఏడు అరకిలో దాటిన రవ్వ ఎన్ని పడ్డయి? దోమతెరల లెక్క సన్నకన్ను వలలు ఏసి వేలంత పిల్లలను కూడా ఊడ్సుకపోయేటోళ్లు తెడ్డు పడవల మీదనే పోతున్నరు. పాపం చేయనీకె కరెంటు అక్కరలేదు మామా. వల కన్ను ఎంతుండాలె, మనిషికి ఎన్ని వలలు, ఏ నెలలు ఆగాలె, ఇవి సంఘం గట్టిగ పెట్టుకుంటే మోటారున్నా చేప బతుకుతది. పెట్టుకోకుంటే తెడ్డున్నా సస్తది.

మామ: ఒప్పుకుంట. సన్నకన్ను వలల ముచ్చటల నువ్వన్నది నూటికి నూరు పాళ్లు నిజం. మా సిగ్గు అది. కని నేను కండ్లార చూసింది ఒకటి చెప్త. ప్రాజెక్టు ఎనక దిక్కు, గుట్టల సందుల నీళ్లు పోయి ఆగుతయి చూడు. ఎండకాలం ఈ దిక్కు 45 డిగ్రీలు కొడుతుంటే అంత దూరం ఎవడూ తెడ్డెయ్యడు. అందుకే ఆడ చేప పెద్దగైతది. వానలు పడి వాగు కలిసినంక అదే ఎదురెక్కి గుడ్లు పెడుతది. ఆ జాగను ఎవరూ కాపాడుతలేరు, బోర్డు పెట్టలేదు. మన రెక్కల నొప్పే దానికి కావలి. మనకందని నీళ్లే చేపకు తల్లిగారిల్లు. నీ మోటారు ఆ ఇంటి తలుపు తీస్తది.

అల్లుడు: రెక్కల నొప్పిని చట్టం లెక్క చూస్తున్నవ్.

మామ: ఇన్నేండ్లు ఆ చట్టం ఒక్కటే నడిచింది మరి. కాగితం మీద రాసినయి ఎన్ని నడిచినయో నువ్వే చెప్పు.

అల్లుడు: కాగితం అన్నవ్ గనుక నా మీద నేనే ఒకటి చెప్పుకుంట. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021ల అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చిండ్రు. తెడ్డుతోని పోయే పడవను అది ఒక తీరుగ చూస్తది, యంత్రం తోని పోయేదాన్ని ఇంకో తీరుగ. యంత్రం బిగిచ్చినమంటే రిజిస్ట్రేషన్, తనిఖీ అన్నీ అడగవచ్చు. కయాక్ అంత చిన్నదానికి ఆఫీసులల్ల ఎవడు ఏమంటడో అది ఏరే. కని అడిగే హక్కు వాళ్లకు వస్తది. తెడ్డుకు ఆ తిప్పలు లేవు.

మామ: చూసినవా! నా దిక్కు నువ్వే మాట్లాడుతున్నవ్.

అల్లుడు: నిజం ఎటుంటే అటు. ఇప్పుడు నీ దిక్కు మాట ఒకటి తీసేస్త. చప్పుడు చేస్తది, చేప బెదురుతది అన్నవ్ మొన్న. ఇది పెట్రోలు మోటారు కాదు. పాత టూ స్ట్రోక్ పెట్రోలు మోటార్లు నూనెల పావు వంతు దాకా కాలకుండనే నీళ్లల్లకు కక్కుతయి, చప్పుడైతే చెవులు పలుగుతయి. ఇది గట్ల కాదు. పడవల కూసున్న నాకే ఇనరాదు.

మామ: నీకు ఇనరాదు. చేపకు?

అల్లుడు: అంటే?

మామ: నేను సదువుకోలే, కని బొచ్చెకు చెవి ఎంత పదునో నాకు ఎర్కే. పుట్టిల చెంబు కింద పడితే ఇరవై గజాల అవతల నీళ్లు కదులుతయి.

అల్లుడు: అదైతే నిజమే. సదువుకున్నోళ్లు కూడా అదే చెప్పిండ్రు. రవ్వ, బొచ్చె, మోసు అన్నీ ఒక్క కుటుంబం. వాటి కడుపుల గాలితిత్తి ఉంటది గద, దాని కాడికెల్లి లోపలి చెవి దాకా సన్నటి బొక్కల గొలుసు ఉంటది. 1820ల వెబర్ అని జర్మనీ ఆయన రాసిండు, ఆయన పేరే ఆ బొక్కలకు పెట్టిండ్రు. గాలితిత్తి డప్పు తోలు లెక్క అదురుతది, ఆ అదురు బొక్కల మీదికెల్లి చెవికి పోతది. జెల్లకు, వాలుగకు కూడా ఆ ఏర్పాటు ఉన్నది. అంటే మనం పట్టే చేపలల్ల చానా మటుకు మనం అనుకున్న దానికంటె బాగ ఇంటయి. మోటారు సన్నగ గుయ్యిమన్నా వాటికి తెలుస్తది, ఒప్పుకుంట. కని తెడ్డు కొస పుట్టి అంచుకు తాకితే? నీ చెంబు పడితే? అసలు మనమే కట్టెలతోని నీళ్లను బాది చేపను వల దిక్కు తరుముతం గద. బెదిరిచ్చేటప్పుడు లేని పాపం ఇప్పుడొచ్చిందా?

మామ: అది మనం బెదిరిచ్చినప్పుడు బెదురుడు. ఇది పొద్దంతా బెదురుడు.

అల్లుడు: రోజూ వచ్చే చప్పుడుకు చేప అలవాటు పడదా?

మామ: పడుతదేమో. అలవాటు పడ్డ చేప మనిషి చప్పుడుకు కూడా లేసిపోదు. అప్పుడు దాని పని ఇంకా జల్దీ అయితది. ఎటు తిప్పినా నా బాధే గెలుస్తున్నది, చూడు.

అల్లుడు: నువ్వు ఓడిపోనీకె కూడా ఒప్పుకోవు.

మామ: సరే, ఒకటి నేనే అడుగుత. మొన్న చెరువుల ట్రయల్ అని పోయినవ్. నా వల ఎందుకు తెగింది?

అల్లుడు: చెప్పొద్దనుకున్న. పది నిమిషాలు మంచిగ పోయింది. తర్వాత చప్పుడు మారింది, గుయ్యిమనేది గొంతు పట్టినట్టయింది. ఆపి పైకి లేపితే రెక్కల ఎనక నీ వల నైలాన్ దారం. రీలుకు దారం చుట్టినట్టు వరుసగ, గట్టిగ, మెరుసుకుంట ఉన్నది. నట్టు ఇప్పి, పిన్ను గుంజి, రెక్క ఊడపీకి చూసిన. దారం ఆయిల్ సీలు లోపటి దాకా కోసుకపోయింది. ఇంకో అరగంట నడిపితే నీళ్లు లోపటికి పోయి వైండింగ్ మాడేది. నా షాపుకు వచ్చే మాడిపోయిన బోరు మోటార్ల వాసన ఉంటది చూడు, ఆ వాసన ముక్కుకు వచ్చినట్టే అయింది.

మామ: నాకు ఆ వల అల్లనీకె రెండు రోజులు పట్టింది.

అల్లుడు: తప్పు నాదే. వలలున్న కాడ మోటారు పైకి లేపి తెడ్డేసుకోవాలె. గుర్రపుడెక్క ఉన్న కాడ లేపాలె. నీళ్లు దిగినంక మోడులు తేలిన కాడ లేపాలె.

మామ: అన్ని కాడ లేపినంక ఇగ దింపేది యాడ?

అల్లుడు: నడుమ లోతుల. గాలి ఉన్న కాడ. నీకు భయమయ్యే కాడ.

మామ: భయం ముచ్చట తెచ్చినవ్ గనుక చెప్త. 2019 డిసెంబర్‌ల ప్రాణహితల గూడెం కాడ నాటు పడవ మునిగి అడవి శాఖ బీట్ ఆఫీసర్లు ఇద్దరు పోయిండ్రు. అడవిల తిరిగేటోళ్లు, గట్టి మనుషులు. నీళ్లు ఎవరినీ చూడయి. నీ మోటారు చేసేదల్ల ఒకటే, ఇయ్యాల పోనంత దూరం రేపు పోనిస్తది. పోయేటప్పుడు ధైర్యం మోటారుది. వచ్చేటప్పుడు బ్యాటరీ అయిపోతే? భుజాలు అలవాటు తప్పి ఉంటయి, తెడ్డు ఇంటికాడ ఉంటది. నాకు తెడ్డున్నంతసేపు నేను పోయిన దూరం నా ఒంట్ల లెక్క ఉంటది. ఇంతవరకు పోయిన, ఇంతే బలం మిగిలింది, ఇగ తిరగాలె అని ఒళ్లే చెప్తది.

అల్లుడు: నీ ఒళ్లు చెప్పినట్టే నా కాడ మీటరు చెప్తది. సగానికి రాంగనే తిరుగుడు, అది రూలు. ఇన్వర్టర్ల వాడే సీసం బ్యాటరీ వద్దన్న అందుకే. 100 ఏహెచ్‌ది 30 కిలోలు దగ్గర పడుతది, అందుల సగమే వాడుకోవాలె, ఎక్కువ గుంజితే పాడైతది. లిథియంది 12 కిలోలు, ఎక్కువ మటుకు వాడుకోవచ్చు. మోపెడ్ మీద పెట్టుకపోవచ్చు, ఇంట్ల చార్జింగు పెడితే యూనిటున్నర, పది రూపాయలు దాటదు. తెడ్డు మాత్రం పడవల ఉండాలె, దాని మీద లొల్లి లేదు.

మామ: లైఫ్ జాకెట్లు?

అల్లుడు: ఏమో...

మామ: చెప్పు. మోటారుకు లెక్కలు రాసుకున్న కాగితంల జాకెట్లకు ఎంత రాసినవ్?

అల్లుడు: రాయలే.

మామ: రాయలే!

అల్లుడు: రాయలేదు మామా. నువ్వన్నది ఖరే. బ్యాటరీ కొనకముందు జాకెట్లు కొనాలె. ఇద్దరికి రెండు. ఈ మాట మీద నీతోని వాదన లేదు.

మామ: వాగు వచ్చినప్పుడైతే జాకెట్టు కూడా పనిచెయ్యదనుకో. అందవెల్లి కాడ బ్రిడ్జినే కూలగొట్టిన నీళ్లు అవి. ఆ రోజులల్ల మోటారుండనీ, తెడ్డుండనీ, ఇంట్ల కూసునుడే.

అల్లుడు: అది అందరికీ తెలుసు.

మామ: అందరికీ తెలుసు, అయినా పోతరు. సరే ఇడువు. నాకు ఇంకొకటి అర్థమైతలేదు. కయాక్ కొన్నవ్, అది తెడ్డుకోసం చేసిన పడవ గద? చేసినోళ్లే మోటారు లేకుండ చేసిండ్రు.

అల్లుడు: దాని కథ ఇంటే నువ్వు నవ్వుతవ్. మంచు దేశాలల్ల ఉండే ఇన్యూట్లని, వాళ్లు చేసిండ్రు దాన్ని. కొట్టుకొచ్చిన కట్టెలతోని చట్రం కట్టి, మీద సీల్ తోలు గుంజి కుట్టేటోళ్లు. మన తాతలు వెదురు బద్దలు అల్లి మీద బర్రె తోలు కప్పినట్టు. పుట్టి, కయాక్ రెండు అక్కచెల్లెండ్లే. ఒకటి గుండ్రంగ, ఒకటి పొడుగ్గ. తర్వాత మనం తోలు తీసి తారు పూసిన గుడ్డ ఏసినం, అదీ తీసి ఇప్పుడు ఫైబర్ పుట్టి తెచ్చుకున్నం. తోలు పోయినప్పుడు నువ్వు ఏడ్వలే. ఫైబర్ వచ్చినప్పుడు నువ్వే అన్నవ్, ఏటేటా తారు మరిగిచ్చే బాధ తప్పిందని. పడవ మారితే తప్పు లేదు గని, పడవను నూకే బలం మారితే తప్పెందుకు?

మామ: తోలు మారినా పుట్టిల ఇద్దరమే ఉంటిమి.

అల్లుడు: మల్ల ఆడికే వచ్చినవ్.

మామ: ఆడికే వస్త. చలికాలం పొద్దుగాల సిర్పూర్ దిక్కు చలి ఎట్లుంటదో నీకు తెలుసు. రాష్ట్రంల అన్నిటికంటె ఎక్కువ చలి ఈ దిక్కే అని పేపర్ల వస్తది. నీళ్ల మీద పొగలు లేస్తుంటయి. ఆ చలిల చేతులు కొంకర్లు పోతుంటే తెడ్డే మాకు నెగడు. పది తెడ్లు ఏస్తే ఒళ్లు ఎచ్చబడుతది. ఆమె ఒకటి అంటది, నేను ఒకటి అంట. ఇంట్ల మాట్లాడుకోని ముచ్చట్లన్నీ నీళ్ల మీద మాట్లాడుకున్నం. బిడ్డ పెండ్లి ఖాయం చేసింది పుట్టిలనే. నువ్వు చెప్పే కయాక్‌ల ఒక్కనికే సీటు.

అల్లుడు: కాగజ్‌నగర్ పేపర్ మిల్లు మూతపడ్డ నాలుగేండ్లు యాది ఉన్నదా? 2014 కాడికెల్లి 2018 దాకా. అప్పుడు మా బాపు పనిలేక రోజూ మీ పుట్టిల మూడో మనిషై వచ్చేటోడు. ముగ్గురి బరువుకు వల తక్కువ ఏసేటోళ్లు. అయినా నువ్వు ఒక్కనాడు వద్దనలే. అది నాకు యాదికే ఉన్నది. పుట్టిల జాగ అంటే ఏందో నాకు తెల్వకుండ మాట్లాడుతలేను. కని మామా, నువ్వు ముచ్చట్ల కోసం పుట్టి నడుపుతలేవు. ఆమె మోకాళ్లకు కాగజ్‌నగర్‌ల డాక్టరు ఏం చెప్పిండో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కింద కూసోవద్దన్నడు. ఆమె మాత్రం నీకు చెప్పదు. తెడ్డు దించితే ఆమె పాలు పోతదని నువ్వంటున్నవ్. తెడ్డు పట్టుకొని ఉంటే మోకాళ్లు పోతున్నయి. ఇందుల ఏది ఆమెకు నష్టమో నువ్వు చెప్తున్నవ్, నేను చెప్తున్న. ఇద్దరం మొగోళ్లమే.

మామ: ...

అల్లుడు: తప్పుగ మాట్లాడిన్నా?

మామ: లేదు.

అల్లుడు: కేరళల వైకం కాడ 2017 నుంచి సూర్యుని కరెంటు తోని 75 మంది ఎక్కే పెద్ద పడవ నడుస్తున్నది. దాంట్ల కూడా నడిపేటోళ్లు, టికెటు కొట్టేటోళ్లు ఉన్నరు. మోటారు వస్తే మనుషులంతా పోతరని లేదు. అత్త పుట్టి దిగితే మార్కెట్ల పొద్దుగాలనే కూసోవచ్చు. బేరం ఆమెకు వచ్చినట్టు నీకు రాదు. పాలు అంటే తెడ్డుకే ఎందుకు ఉండాలె? అమ్మినోళ్లకు పెట్టుకోండ్రి. రూలు తాతలు పెట్టిండ్రు, మనుమలు మార్చరాదా?

మామ: మార్చవచ్చు. మా ఇంట్ల మార్చుకుంటం, అది పెద్ద పని కాదు. పక్కింటామె తమ్ముడు మారుస్తడా?

అల్లుడు: అది నేను చెప్పలేను.

మామ: నేనూ చెప్పలేను. అందుకే ఇంతసేపు మాట్లాడుతున్న.

అల్లుడు: మరి కయాక్‌కు కట్టుడు ఆపన్నా? మోటారు క్లాంపు కొట్టిచ్చిన, వెల్డింగ్ షాపుల ఉన్నది. రేపు తెచ్చుకోవాలె.

మామ: తెచ్చుకో. నీ పడవ, నీ పైసలు. నా పుట్టికి మాత్రం కట్టకు. గుండ్రటి దానికి అడుగున పట్టు ఉండదు, మోటారు పెడితే బొంగరం తిరిగినట్టు తిరుగుతది.

అల్లుడు: అడుగున ఒక చెక్క రెక్క బిగిస్తే సక్కగ పోతది.

మామ: గది కూడా ఆలోచించి పెట్టుకున్నవా!

అల్లుడు: ఆలోచన వరకే. అత్తను ఒకసారి అడుగుదామా?

మామ: మార్కెట్ కాడికెల్లి మాపటికి వస్తది. నువ్వే అడుగు. నేను పక్కన ఉంటే ఆమె నా మొకం చూసి చెప్తది.

అల్లుడు: ఏమంటదనుకుంటున్నవ్?

మామ: జాకెట్లు ముందు తెమ్మంటది. మోటారు ముచ్చట నాకు తెల్వదు అల్లుడా. ముప్పై ఏండ్లు ఆమె వీపు చూసుకుంట వల ఇడిసిన. మొకం ఎట్ల పెట్టుకొని తెడ్డేస్తదో ఎన్నడూ చూడలే.